బొల్లి గిట్ట మీద వడ్లగింజలు

“కుంటుకుంటా వచ్చింది వదినా.”

“నడుచుకుంటా వచ్చింది. కుంటు నీ ఇంట్లో పుట్టింది.”

అనగనగా ఒక రాళ్ళసీమ ఉండేది. ఆ సీమలో ప్రతి మంగళవారం సంత జరిగేది. ఆ సంతలో నాలుగు నెలలుగా ఈ రెండు మాటలే. ఉల్లిగడ్డలు అమ్మేవాళ్ళకు కూడా నోటికి వచ్చేశాయి. సుంకమ్మ కనపడగానే, “ఏమ్మా, ఈ వారం కుంటిందా, నడిచిందా?” అని వాళ్ళే మొదలుపెట్టేవాళ్ళు.

సుంకమ్మ గుర్రాల గిట్టలు చెక్కే మనిషి. ఆ సీమలో నేలంతా నాపరాయి, గులకరాయి. అక్కడ గుర్రాలకు లాడాలు కొట్టరు. ఉత్త కాళ్ళతోనే నడిపిస్తారు. రోజూ రాళ్ళ మీద నడిచిన గిట్ట దానంతట అదే అరుగుతుంది, దానంతట అదే గట్టిపడుతుంది. అడుగున ఇరుక్కున్న రాళ్ళు తీయాలి. ఎక్కువ పెరిగిన చోట నెలకోసారి కత్తితో చెక్కాలి. తడిలో నిలబెట్టకూడదు. చెప్పుకుంటే ఇంతే పని. ఈ ఇంత పని జరగకపోతే గుర్రం మూలపడుతుంది.

మొగుడు తిప్పన్న కాలు ఎత్తి పట్టుకునేవాడు. సుంకమ్మ చెక్కేది. పదహారేళ్ళు అలా గడిచింది. పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరు మనుషులు, బొల్లి అని ఒక ఆడగుర్రం.

తిప్పన్న పోయాడు.

మొగుడు పోయిన ఆడది మూడు నెలలు గడప దాటకూడదని ఆ సీమలో ఆచారం. మరి గుర్రాన్ని ఎవరు చూస్తారు? పదకొండో రోజు గడిచిన మర్నాడు తిప్పన్న స్నేహితుడు ఓబన్న వచ్చాడు. ముప్పై గుర్రాల మీద మిరపకాయలు వేసుకుని ఊరూరా అమ్మే వర్తకుడు అతను. “నా దగ్గర పెట్టుకుంటాలే వదినా. మేతకు నెలకు మూడు రూకలు ఇద్దువు” అని బొల్లిని తోలుకుపోయాడు.

మూడు నెలలు గడిచి సుంకమ్మ బయటికి వచ్చి చూస్తే, బొల్లి కుడి ముందుకాలు నేలకు ఆనించడం లేదు.

“నా గుర్రాన్ని చెరిపినావు. మేత డబ్బులు ఎట్లా అడుగుతావు?” అంది సుంకమ్మ.

“కుంటి గుర్రాన్ని నాకు అంటగట్టినావు. మేత డబ్బులు కట్టి తోలుకుపో” అన్నాడు ఓబన్న.

“ఏదీ, కాలెత్తి చూపించు.”

“నువ్వు ముట్టుకోకూడదు గదా వదినా.”

అదొకటి. మొగుడు పోయిన ఆడది గిట్ట ముట్టుకుంటే ఆ గుర్రం బయలుదేరిన ప్రయాణం సాగదని వర్తకులందరి నమ్మకం. అందుకని సుంకమ్మను పనికి పిలవడం మానేశారు. వర్తకులు పొరుగు సీమ కమ్మరిని పిలిపించి గుర్రాలకు లాడాలు కొట్టించుకున్నారు. ఆమె కత్తి గోడకు వేలాడుతూ ఉండిపోయింది.

పొద్దున లేస్తే పలకరించే మనిషి లేడు. కొట్టంలో బొల్లి లేదు. మంగళవారం వస్తే మాత్రం ఓబన్నతో పోట్లాట ఉంది. వారం మొత్తం మీద ఆమెతో ఎవరన్నా నాలుగు మాటలు మాట్లాడితే అవి ఆ పోట్లాటలోవే. అందుకని ఆమె ఎండైనా, గాలైనా సంత మానేది కాదు.

ఒక మంగళవారం సంతలో ఓబన్న పక్కన సున్నం గానుగ ఆయన నిలబడి ఉన్నాడు. పనికిరాని గుర్రాలను కొని గానుగకు కడతాడు. అవి పడిపోయేదాకా గుండ్రంగా తిరుగుతాయి.

“వచ్చే వారం ఇచ్చేస్తున్నా వదినా. నేను మాత్రం ఎన్నాళ్ళు మేపేది?” అన్నాడు ఓబన్న.

సుంకమ్మ ఆ వారం పోట్లాడలేదు. సంత నుంచే నేరుగా కోటకు నడిచి, రాజుకు మొరపెట్టుకుంది.

రాజు ముసలివాడు. ఓపిక తక్కువ. మర్నాడే ఓబన్ననూ బొల్లినీ రప్పించి, ఇద్దరి మాటా విని, చెప్పాడు.

“గుర్రం ఇతని దగ్గరికి పోకముందే చెడిందని తేలితే, ఆమె ఏడు నెలల మేతకు ఇరవైయొక్క రూకలు కట్టాలి. కట్టలేకపోతే గుర్రం ఇతనిది. ఇతని దగ్గర చెడిందని తేలితే, మేత డబ్బులు లేవు. గుర్రం ఆమెది. పైన పది రూకలు ఇతను ఇవ్వాలి. సరేనా?”

ఇద్దరూ సరేనన్నారు. సుంకమ్మ నడుముకు కట్టుకున్న చిక్కంలో ఉన్నవి పంతొమ్మిది రూకలు. ఆమెకు ఆ దిగులే లేదు. తనదే నిజమని గట్టి నమ్మకం.

రాజు మొదట కోట కమ్మరిని పిలిచాడు. కమ్మరి బొల్లి దగ్గరికి కూడా పోలేదు. “దీని కాళ్ళకు ఇనుము లేదు. ఇనుము లేని కాలు కుంటక ఏం చేస్తుంది?” అన్నాడు.

“ఎప్పటి నుంచి కుంటుతోంది?” అని అడిగాడు రాజు.

“ఇనుము లేనప్పటి నుంచి.”

రెండోవాడు జ్యోతిష్కుడు. గుర్రం ఏ నక్షత్రంలో పుట్టిందని అడిగాడు. ఎవరికీ తెలియదు. “అదే దీని దోషం” అని లేచిపోయాడు.

మూడోవాడు రాజుగారి లాయానికి పెద్ద. పెద్ద మీసాల మనిషి. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టాడు. “దీనికి తొమ్మిదేళ్ళు” అన్నాడు.

“కుంటు సంగతి చెప్పవయ్యా.”

“పళ్ళలో కుంటు కనపడదు మహారాజా.”

రాజు తల పట్టుకున్నాడు. అప్పుడు ఓబన్న ముందుకొచ్చాడు.

“సామీ, గిట్ట చూసి చెప్పగల మనిషి ఈ సీమలో ఒకరే. ఈమే.”

సభలో నవ్వులు లేచాయి. “మొరపెట్టుకున్న మనిషే తీర్పు కూడా చెప్పుకుంటుందా?” అన్నాడు మంత్రి.

“పదహారేళ్ళు నా గుర్రాలు చెక్కింది” అన్నాడు ఓబన్న. “నన్ను పిసినారి అంది. నా భార్య ముందరే అంది. నా బేరాలకు అడ్డం పడింది. ఈ నాలుగు నెలలు సంతలో నా పరువు తీసింది. గిట్ట పట్టుకుని అబద్ధం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.”

“అయినా మొగుడు పోయిన ఆడది గుర్రాన్ని ముట్టుకుంటే ప్రయాణం సాగదంటారు గదా?” అన్నాడు మంత్రి.

“ఈ గుర్రం యాడికీ పోయేది లేదు గదా సామీ. ముట్టుకోనీండి.”

రాజు సరేనన్నాడు.

సుంకమ్మ చెంబుడు నీళ్ళు, గుప్పెడు వడ్లు, కొంచెం బంకమన్ను అడిగింది. బొల్లి మెడ మీద ఒక్కసారి చెయ్యి వేసింది. కాలు ఎత్తి పట్టుకునే మనిషి కోసం అలవాటుగా పక్కకు చూసింది. ఎవరూ లేరు. తానే కూర్చుని, ఆ కాలు లాగి తన మోకాలి మీద పెట్టుకుంది.

“గిట్ట మన గోరు లాంటిదే సామీ” అంది. “పైన వెంట్రుకల అంచున పుట్టి కిందికి దిగుతుంది. నెలకు ఒక వడ్లగింజంత. గుర్రానికి జబ్బు చేసినా, మేత ఎక్కువైనా, తక్కువైనా, ఆ నెల గిట్ట చుట్టూ ఒక గీత పడుతుంది. పైనుంచి గింజలు పేర్చుకుంటూ వస్తే ఏ నెల ఏం జరిగిందో తెలిసిపోతుంది.”

పై సగం కడిగింది. బంకమన్ను పలచగా పూసి, వెంట్రుకల అంచు నుంచి ఒకదాని కింద ఒకటి గింజలు అతికించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో గింజ దగ్గర, గిట్ట చుట్టూ కాలువలాంటి గీత.

“ఐదు నెలల కింద. ఓబన్నా, అప్పుడు దీనికి ఏం పెట్టినావు?”

“ఉలవలు” అన్నాడు ఓబన్న. “తిప్పన్న గుర్రం గదా. బరువు వెయ్యలేదు. నీడన కట్టేసి, రెండు పూటలా మానెడు ఉలవలు, బెల్లం. నా గుర్రాలకు కూడా అట్లా పెట్టలేదు.”

“కదలనీకుండా కట్టేసి ఉలవలు మేపితే గిట్టలోకి వేడి దిగుతుంది.”

“నాకు తెలీదు వదినా.”

“తెలీదని నాకు తెలుసులే.”

సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఓబన్న తల దించుకున్నాడు. రాజు తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు.

సుంకమ్మ ఈలోపు మిగిలిన సగం కూడా కడిగింది. మొదలుపెట్టిన గిట్టను సగంలో వదిలే అలవాటు ఆమెకు లేదు. మట్టి కారిపోగానే బొటనవేలి కింద ఇంకో గీత తగిలింది.

ఇది లోతుగా ఉంది. గోరు దూరేంత లోతు. లోపల చిన్న గులకరాళ్ళు కూరుకుపోయి ఉన్నాయి. ఆ చోటే గిట్ట విడిపోయింది. కుంటు పుట్టింది అక్కడే.

ఆమె ఇంకో గింజ పెట్టింది. ఆరు. ఇంకోటి. ఏడు. ఇంకోటి.

ఎనిమిది నెలల కింద తిప్పన్న మంచంలో ఉన్నాడు. నలభై రోజులు. అతన్ని లేపడం, పడుకోబెట్టడం, గుడ్డలు ఉతకడం. మళ్ళీ లేపడం. కొట్టం వైపు ఎన్నిసార్లు పోయింది? గుర్తొచ్చినప్పుడు ఒక మోపు చొప్ప విసిరింది. బొల్లి తన తడిలోనే నిలబడి ఉంది. గుర్రాన్ని తడిలో పెట్టకండి అని ఊరంతటికీ చెప్పింది ఈ నోరే.

“అయిపోయిందా?” అని అడిగాడు రాజు.

“ఒక్క నిమిషం సామీ.”

ఆమె బొటనవేలు ఇంకా ఆ గీత మీదే ఉంది. వేలు తీయకపోతే ఎవరికీ తెలియదు. కమ్మరికి తెలియదు, మీసాలాయనకు తెలియదు, ఓబన్నకు అసలే తెలియదు. బొల్లి ఇంటికొస్తుంది. పైన పది రూకలు వస్తాయి. వేలు తీస్తే ఇరవైయొకటి కట్టాలి. ఉన్నవి పంతొమ్మిది. అటు సున్నం గానుగ. ఇటు ఖాళీ కొట్టం.

బొల్లి ఆమె భుజం మీద వేడిగా ఊపిరి వదిలింది.

సుంకమ్మ వేలు తీసింది.

“ఇంకోటి ఉంది సామీ. ఇది లోతు. కుంటు దీని వల్లే. ఎనిమిదో గింజ. అప్పుడు గుర్రం నా ఇంట్లో ఉంది.”



“ఆ నెల ఏం జరిగింది?” అన్నాడు రాజు.

“మొగుడు మంచంలో ఉన్నాడు. గుర్రం తడిలో నిలబడింది. నేను చూడలేదు.”

“చూడ్డానికి ఇంకెవరూ లేరా?”

“లేరు.”

ఆమె కాలు మెల్లగా కిందికి దించి, లేచి, చేతులు తుడుచుకుంది. ఓబన్న వైపు తిరిగింది. “కుంటుకుంటానే వచ్చింది ఓబన్నా. నువ్వు చెప్పిందే నిజం” అంది.

నాలుగు నెలలుగా ఆ మాట కోసం పోట్లాడిన ఓబన్నకు, తీరా అది వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

“అయితే ఇరవైయొకటి” అన్నాడు రాజు.

సుంకమ్మ చిక్కం విప్పి లెక్కపెట్టింది. “రెండు తక్కువ సామీ.”

ఓబన్న దగ్గాడు. “ఆ ఉలవల నెలకు నేను డబ్బులు తీసుకోకూడదు సామీ. దాంతో గుర్రానికి చెరుపే జరిగింది. మూడు తీసెయ్యండి.” మళ్ళీ దగ్గాడు. “వదినా, గిట్ట చూసినందుకు కూలి ఎంత?”

“గుర్రానికి ఒక రూక.”

“చూడమన్నది నేను. అదీ తీసెయ్యండి సామీ.”

రాజు సరేనని ఆ నాలుగూ తీసేశాడు. “పోట్లాడింది సంతలో గదా. కట్టేది కూడా సంతలోనే, అందరి ముందర కట్టండి” అని పంపేశాడు.

మంగళవారం వచ్చింది. ఓబన్న బొల్లిని తీసుకొచ్చాడు. సుంకమ్మ వంగి గిట్ట చూసింది. పైనుంచి కొత్త గిట్ట నున్నగా, గట్టిగా దిగుతోంది. విడిపోయిన ముక్కను కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ, పొడి నేల మీద రోజూ నాలుగడుగులు నడిపిస్తే, ఐదారు నెలల్లో పాతదంతా అరిగిపోతుంది. అప్పటికి గుర్రం గుర్రమవుతుంది. తొందరపడితే కాదు.

“నా ముప్పై గుర్రాలు కూడా చూడాలి వదినా” అన్నాడు ఓబన్న. “లాడాలు కొట్టించినాక మేకుల చోటల్లా పగుళ్ళు. ప్రయాణం నుంచి తిరిగొచ్చిన రోజు పంపిస్తా. తిరిగొచ్చినాక ముట్టుకుంటే దోషం లేదంట.”

“ఎవరన్నారు?”

“నేనే.”

ఆ మాట తర్వాత ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. తిప్పన్న ఉంటే ముగ్గురూ చెట్టు కింద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్ళు. ఉల్లిగడ్డలామె అలవాటుగా, “ఏమ్మా, ఈ వారం కుంటిందా, నడిచిందా?” అని అడిగింది.  అడిగేసి, జవాబు కోసం చూడకుండా తూకంలో పడిపోయింది.

సుంకమ్మ ఓబన్న అరచేతిలో రూకలు ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసి, బొల్లి తాడు అందుకుని, రాళ్ళ దారిన గుర్రం నడకకు తగ్గట్టు మెల్లగా ఇంటివైపు సాగింది. నిజం మన మీదికే వచ్చిపడినా మన నోటితోనే చెప్పాలి. అలా చెప్పి సుంకమ్మ కట్టింది పదిహేడు రూకలు.