గెంటేసిన నలుగురు

ఏ రాజు ఏలుబడో మనకెందుకు గానీ, నూకయ్య పంతులు ఇంటింటికీ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి కుమ్మరుల, చాకళ్ళ పిల్లల్ని పోగుచేసి బడి నిలబెట్టాడు. తనిఖీకొచ్చిన దివాను ముందే నలుగురు పిల్లలు కలబడ్డారు. దివాను మండిపడ్డాడు.

“ఈ అల్లరి మూకను గెంటెయ్! లేదా బడే మూయిస్తా.”

“గెంటితే వీధిన పడతారు బాబూ.”

“వీధుల సంగతి నేను చూసుకుంటా!”

“చిత్తం,” అన్నాడు నూకయ్య. మర్నాడు పొద్దున్నే ఆ నలుగుర్నీ దివానుగారింటికే పంపాడు.

మధ్యాహ్నం కాకముందే దివాను పిల్లల్ని వెంటేసుకుని రొప్పుతూ వచ్చాడు.

“మామిడికాయలన్నీ దులిపేశారు, ఆవుల్ని విప్పేశారు! బడి మూసే మాట మరిచిపో. వీళ్ళతో ఎలా వేగుతున్నావయ్యా?”

“తలో పని అప్పజెప్పాను. గొంతున్నవాడు ఎక్కాలు చెప్పిస్తాడు. కండ ఉన్నవాడు చిన్నవాళ్ళను వాగు దాటిస్తాడు. గెంటడం ఎవడికైనా చేతనవును బాబూ, నిలబెట్టడమే కష్టం. అవునూ, నలుగుర్ని పంపితే అయిదుగురొచ్చారేం?”

దివాను గొంతు తగ్గించాడు. “వాడు మా అబ్బాయి. ఇంట్లో ఎవరి మాటా వినడు. వాడికీ ఓ పని చూడు.”

“ఏం వచ్చు?”

“అందరిమీదా పెత్తనం చెయ్యడం.”

“అయితే ఇవాళ్టినుంచి చిన్నపిల్లలకు మంచినీళ్ళు అందిస్తాడు.”