ముగ్గు సూరమ్మ నేర్చుకున్న మొహం

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్నప్పటి మాట. ఒక ఊళ్ళో సూరమ్మ అని ముగ్గు అమ్ముకునే ఆవిడ ఉండేది. మొగుడు లేడు. ఉన్న ఒక్క కూతురు చిన్ని, ఆటలాడే వయసులోనే అమ్మవారు పోసి పోయింది.

"ముగ్గోయమ్మా ముగ్గు" అని వీధి వీధీ తిరిగేది. తిరిగితే తిరిగింది, మనుషుల్ని అదేపనిగా చూడ్డం మొదలుపెట్టింది. గంప దించుతూ గడ్డం చూసేది. ముగ్గు కొలుస్తూ ముక్కు చూసేది. గంప ఎత్తుకుంటూ కళ్ళలోకి చూసేది. ఎందుకో చెప్పదు. మరి ఊరికి అనుమానం రాదూ? ఆ గంప కనిపిస్తే చాలు, మగాళ్ళు తల తిప్పుకునేవాళ్ళు, ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు, తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

అందరికన్నా ఎక్కువ అనుమానం ఎదురింటి కొండమ్మది. లేకలేక పుట్టిన కూతురాయె! సూరమ్మ చూసింది, పిల్ల అన్నం మానేసింది. మళ్ళీ చూసింది, జ్వరం వచ్చింది. మళ్ళీ చూసింది, పిల్ల కళ్ళే తెరవలేదు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచినా తగ్గలేదు. కొండమ్మ పట్టపగలే ఊరిని వెంటేసుకెళ్ళి సూరమ్మ గుడిసె తలుపు తోసింది.

లోపల గోడ నిండా బొగ్గుతో గీసిన కళ్ళు. ఎటు చూస్తే అటు కళ్ళే. మొహాల్లేవు.

"చూశారా! మన కళ్ళన్నీ తెచ్చి ఇక్కడ పెట్టుకుంది. ఏవే నా బిడ్డ కళ్ళు?" అని అరిచింది కొండమ్మ.

సూరమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడ్చేసింది. "నాకు మంత్రాలేం వచ్చు కొండమ్మా? మా చిన్నిదాని మొహం మర్చిపోతున్నానే. గోడ మీద వేసి ఉంచుకుందామని మొహం గీయడం నేర్చుకుంటున్నా. వచ్చిన విద్య ముగ్గేనాయె. ముందు చుక్కలు పెట్టేస్తా. కళ్ళు పెట్టాక గీత ఎటు తిప్పాలో తెలీదు. మీ మొహాలు చూస్తే తెలుస్తుందనుకున్నా."

"కథలు చెప్పకు. ఏదీ, మా ముందు గియ్యి."

సూరమ్మ గోడవైపు తిరిగి, బొగ్గు తీసుకుని రెండు చుక్కలు పెట్టింది. కింద ముక్కు గీసింది.

"అబద్ధం! చిన్నికి అంత పొడుగు ముక్కెక్కడిది? దానిది చప్పిడి ముక్కు!" అనేసింది కొండమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది. చిన్నప్పుడు చిన్నీ తనూ గుజ్జనగూళ్ళు ఆడుకున్నవాళ్ళు మరి.

"గడ్డం మీద సొట్ట ఉండాలి," అన్నాడు వెనకనుంచి ముసలి అప్పన్న. "చెవులు ఇంకా పెద్దవి," అంది ఇంకొకామె. సూరమ్మ చెరిపి గీసింది, గీసి చెరిపింది. పొద్దు వాలేసరికి గోడ మీద చిన్ని నవ్వింది. "వచ్చావా తల్లీ," అని సూరమ్మ ఆ గోడకి చెంప ఆనించి అలాగే ఉండిపోయింది. ఊరు చప్పుడు చేయకుండా ఇళ్ళకి పోయింది. కొండమ్మ కూతురి జ్వరం, దాని దారిన అదే దిగింది.

ఆ ఏటి వానల్లోనే సూరమ్మ పోయింది. చిన్ని పక్కన తల్లిని కూడా గీద్దామని కొండమ్మ బొగ్గు పట్టుకుని కూర్చుంది.

"ముక్కెలా ఉండేది?" ఎవరికీ తెలీదు.

"గడ్డం?" తెలీదు.

"పోనీ, కళ్ళు?"

అందరూ తల తిప్పుకున్నవాళ్ళే, చూసిందెవరు గనక? కొండమ్మకి మాత్రం ఏం గుర్తుంది, గంప తప్ప! బొగ్గు కింద పెట్టి భోరున ఏడ్చింది. ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది.

అందుకే ఆ ఊళ్ళో ఇప్పటికీ, వీధిలో అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళనైనా సరే, ఊరికే పంపరు. గంప దింపిస్తారు. ఎదురుగా నిలబడి మొహం తేరిపార చూస్తారు. చూశాక, "నిండా చూశానమ్మా, ఇక వెళ్ళిరా" అంటారు.