తేనెటీగ ప్రతి పువ్వులోకీ ఎందుకు తొంగిచూస్తుంది

ఒకప్పుడు తేనెటీగలకి మాటలొచ్చు. మీకూ నాకూ వచ్చినట్టే వచ్చు. నిజం చెప్పాలంటే మనకన్నా బాగా వచ్చు, ఎందుకంటే అవి ఎదుటివాళ్ళు చెప్పింది పూర్తిగా విన్నాకే నోరు విప్పేవి.

వాటికి లేనిదల్లా తిరిగే అలవాటు. పూల వెంట తిరగడం, తేనె కూడబెట్టడం వాటికి తెలియనే తెలియదు. రెక్కలున్నా, ఉక్కపోసినప్పుడు విసురుకోవడానికే వాడేవి. పెరటి కంచె దాటి ఒక్క తేనెటీగ కూడా ఏనాడూ బయటికి పోలేదు.

ఆ పెరడు ఇంగ్లండు దేశంలో ఉండేది. అక్కడ దక్షిణాన ఒక పాత అడవి, ఆ అడవి నడుమ ఒక చిన్న ఊరు. ఇళ్ళకి గడ్డి కప్పులు, కిటికీల చుట్టూ గులాబీ తీగలు. పొట్టి గుర్రాలు ఎవరి అదుపూ లేకుండా వీధుల్లో తిరుగుతూ, తలుపు తీసి ఉంటే వంటింట్లోకి కూడా తల పెట్టేవి. చెట్టుకో కథ, గట్టుకో కథ ఉన్న ఊరది. పౌర్ణమినాడు ఫలానా ఓక్ చెట్టు కింద జానెడేసి మనుషులు నాట్యం చేస్తారనీ, ఫలానా వాగు దాటేటప్పుడు ఎవరు పిలిచినా పలకకూడదనీ చెప్పుకునేవాళ్ళు. ఆ కథలన్నీ మొదటినుంచి చివరిదాకా తెలిసింది మాత్రం తేనెటీగలకే.

అప్పట్లో లోకంలో ఉన్న తేనెటీగలన్నీ ఆ ఊళ్ళోనే, టాబిత అనే ముసలావిడ పెరట్లోనే, గడ్డితో అల్లి బోర్లించిన ఒక బుట్టలో కాపురముండేవి. అన్నీ ఒక్క బుట్టలో ఎలా పట్టాయని నన్నడక్కండి. పట్టాయి, అంతే.

టాబిత రోజూ పొద్దున్నే అడవిలోకి పోయి ఒడినిండా పూలు తెచ్చి వాటి వాకిట్లో పోసేది. అవి కూర్చున్నచోటే ఆ పూల తీపి చుక్కలు తాగేవి. తాగుతూ ఊరి కబుర్లు వినేవి.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఏ కబురైనా ముందు తేనెటీగలకి చెప్పాలి. ఇంటి తాళంచెవితో బుట్ట మీద మూడుసార్లు తట్టి మరీ చెప్పాలి. పిల్ల పుట్టినా, పెళ్ళి కుదిరినా, కొత్త చుట్టం గడప తొక్కినా చెప్పాల్సిందే. ఇంట్లో మనిషి పోతే మాత్రం ఆ రోజు పొద్దు వాలేలోపే చెప్పి, బుట్టకి నల్లగుడ్డ కట్టాలి. అలా తట్టి చెప్పిన మాటనే అవి నమ్మేవి. గాలి వచ్చి చెప్పినా, గుర్రం వచ్చి చెప్పినా నవ్వి ఊరుకునేవి.

ఒక ఏడు చెట్లు చిగురించే వేళకి ఎడిత్ ఆ ఊరు చూడ్డానికి వచ్చింది. ఎడిత్ టాబిత చెల్లెలి కూతురు. వాళ్ళది ఓడరేవు పట్నం, తండ్రి ఓడలకి తాళ్ళు పేనేవాడు. తల్లి మార్జరీ అంతకుముందు ఏడే చనిపోయింది. బతికున్నన్నాళ్ళూ మార్జరీ తన అడవి ఊరి ముచ్చట్లే చెప్పేది. అమ్మ చెప్పిన ఊరు ఎలా ఉంటుందో వారం రోజులుండి చూసిపోదామని ఎడిత్ బయల్దేరింది.

"ముందు పెరట్లోకి నడువు," అంది టాబిత, చేతిలో మూట కూడా దింపనివ్వకుండా. "నువ్వెవరో వాటికి చెప్పాకే లోపలికి."

ఎడిత్‌కి నవ్వొచ్చింది. ఈగలతో పరిచయాలేమిటి అనుకుంది. అయినా పెద్దమ్మ మాట కాదనలేక, తాళంచెవి అందుకుని మూడుసార్లు తట్టింది.

"నేను ఎడిత్‌ని. మార్జరీ కూతుర్ని. వారం ఉండి వెళ్తాను."

"మార్జరీ పోయిందని మీ పెద్దమ్మ అప్పుడే చెప్పింది," అన్నాయి తేనెటీగలు. "చిన్నప్పుడు మా వాకిట్లోనే ఆడుకునేది. ఆ కబురు విని మేం మూడు రోజులు ఏమీ ముట్టలేదు. నాలుగోనాడు లేచి తిన్నాం. నువ్వు తింటున్నావా, తల్లీ?"

ఎడిత్ చేతిలో మూట అక్కడే జారవిడిచి, కంచె పట్టుకుని ఏడ్చింది. అమ్మ పోయాక ఆ మాట ఎవరూ అడగలేదు. అమ్మ పోయిన కబురు ఆమెకి చేపల బజారులో అందింది. చేతిలో చేపల గంపతో బేరమాడుతూ ఉంటే, ఆ వీధి చివరినుంచి ఎవరో ఆడమనిషి, "మీ అమ్మ పోయిందే పిల్లా, ఇంటికి పో," అని అరిచి చెప్పింది. అప్పటినుంచి ఎడిత్‌కి గట్టిగా ఎవరు పిలిచినా గుండె ఝల్లుమనేది.

వారం అనుకున్నది నెలయింది, నెల కాస్తా మూడు నెలలయింది. పెద్దమ్మ వెంట అడవంతా తిరిగింది. పొడుగాటి కాడకి వరసగా వేలాడే ఊదారంగు పూలని చూపించి, "ఇవి నక్క చేతితొడుగులు. పొద్దున పొద్దున్నే నక్కలు వేళ్ళకి తొడుక్కుని కోళ్ళ గూటికి పోతాయి, అడుగుల చప్పుడు వినపడకుండా," అని టాబిత చెప్పింది.

"చేతికి తొడుక్కుంటే కాళ్ళ చప్పుడు ఎలా ఆగుతుంది, పెద్దమ్మా?"

"నక్కకి చేతులేవో కాళ్ళేవో నువ్వే చెప్పు," అంది టాబిత.

ఇంటికొచ్చాక ఎడిత్ బుట్ట దగ్గర కూర్చుంటే, తేనెటీగలు వాళ్ళమ్మ చిన్ననాటి అల్లరంతా పూసగుచ్చినట్టు చెప్పేవి. అవి చెప్తుంటే అమ్మ పక్కనే ఉన్నట్టుండేది. ఇక పట్నం ఊసే ఎత్తలేదు ఎడిత్.

నడివేసవిలో ఒకనాటి పొద్దున టాబిత పూలకి వెళ్ళలేదు. ఎడిత్ వెళ్ళి చూస్తే మంచం మీదే, నిద్రలోనే పోయింది.

పక్కింటి జోబ్ తాత వచ్చాడు. అడవిలో బొగ్గులు కాల్చే ముసలాయన, ఎప్పుడూ మసితో ఉండే మొహం. టోపీ తీసి, గోడకున్న తాళంచెవి అందుకుని ఎడిత్ చేతిలో పెట్టాడు.

"ఏడుద్దువుగాని, అమ్మా. ముందు వాటికి చెప్పిరా. ఇంటి మనిషే చెప్పాలి, నేను చెప్తే నమ్మవు."

ఎడిత్ ఒక చేత తాళంచెవి, ఒక చేత నల్లగుడ్డ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

"పూలు రాలేదేం ఇవాళ?" అన్నాయి తేనెటీగలు. "మీ పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదా?"

ఎడిత్ మూడుసార్లు తట్టింది. చెబుదామనే నోరు తెరిచింది. ఆ క్షణంలో చేపల బజారు గుర్తొచ్చింది. ఆ అరుపు, చేతిలోంచి జారిన గంప, చుట్టూ చూస్తున్న జనం. తనకి జరిగింది వీటికి తన చేత్తో ఎలా చెయ్యడం? నల్లగుడ్డని మడిచి జేబులో కుక్కుకుంది.

"పెద్దమ్మ పూలకి వెళ్ళింది," అంది. "ఈసారి చాలా దూరం వెళ్ళింది. వచ్చేస్తుంది."

"అలాగేలే, ఎదురుచూస్తూ ఉంటాం," అన్నాయి తేనెటీగలు.

పిల్లలూ, ఎడిత్ చెడ్డది కాదు. జాలిపడి చేసింది. నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు టాబితని చర్చి గోడ పక్కన పాతిపెట్టారు.

"చర్చి గంట అన్నిసార్లు మోగిందేం?" అని అడిగాయి తేనెటీగలు.

"ఎవరో పొరుగూరి మనిషి," అంది ఎడిత్, తాళంచెవితో తట్టి.

మూడోనాడు అవి మళ్ళీ అడిగాయి. ఎడిత్ మళ్ళీ తట్టింది. "వాగు పొంగింది. పెద్దమ్మ అవతల ఒడ్డున చిక్కుకుంది."

కంచె మీదుగా మెడ చాచి వింటున్న ఒక పొట్టి గుర్రం, "వాగా? ఇప్పుడే దాటి వచ్చాను. నా గిట్టలు కూడా సరిగ్గా తడవలేదే," అంది.

ఎడిత్ దాన్ని అదిలించి తరిమింది. తేనెటీగలు గుర్రం మాట పట్టించుకోలేదు. తట్టి చెప్పింది ఎడిత్ కదా.

ఆమె తెచ్చిన పూలు వాకిట్లో వాడిపోతూ ఉన్నాయి. ఒకటో రెండో చుక్కలు తాగి, మిగతావి టాబిత వచ్చాక తాగుతామని అవి ఊరుకున్నాయి.

సాయంత్రం జోబ్ తాత పెరట్లోకి వచ్చి బుట్ట వంక చూశాడు.

"నల్లగుడ్డ ఏదమ్మా?"

ఎడిత్ జేబులోంచి తీసి చూపించింది. "ఎలా చెప్పను, తాతా? వింటే తట్టుకోలేవు. నాలాగే అయిపోతాయి."

జోబ్ తాత అక్కడే మొద్దు మీద కూర్చున్నాడు. కోప్పడలేదు. "మీ అమ్మ పోయినప్పుడు నేనిక్కడే ఉన్నాను. మూడు రోజులు ఏడ్చాయి, నాలుగోనాడు లేచాయి. ఏడవడం వాటికి చేతనవును. ఇలా ఎదురుచూడ్డం చేతకాదమ్మా. పో, ఇప్పుడే చెప్పెయ్."

"రేపు పొద్దున్నే చెప్తాను, తాతా. మంచి పూలు తెచ్చి, కడుపునిండా తాగించి చెప్తాను."

"రేపంటే రేపే మరి," అన్నాడు తాత.

ఆ మాట మీద ఎడిత్ నిలబడింది. మర్నాడు వెలుగు రాగానే అడవికి పోయి, పెద్దమ్మ నేర్పినట్టే వాసన చూసి మరీ ఏరి, ఒడినిండా పూలతో తిరిగొచ్చింది. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. తాళంచెవితో మూడుసార్లు తట్టింది.

బుట్టలోంచి జవాబు రాలేదు. వంగి చూస్తే ఒక్క తేనెటీగ లేదు.

"వెళ్ళిపోయాయి," అంది కంచె అవతలి గుర్రం. "పాపం ముసలిది, వాగు అవతల ఒంటరిగా ఉంది, ఎవరూ వెళ్ళడం లేదు, మనకి రెక్కలున్నాయిగా అనుకున్నాయి. పూలకి వెళ్ళిందని నువ్వే చెప్పావు కదా. అందుకని పూలల్లో వెతుకుతున్నాయి."

ఎడిత్ ఒళ్ళో పూలు అక్కడే పారబోసి, తాళంచెవి పట్టుకుని పరుగెత్తింది.

అడవి అంచున నక్క చేతితొడుగుల దగ్గర అవి కనపడ్డాయి. ఒక్కొక్క పువ్వు గుమ్మంలో ఆగి, "టాబితా, ఉన్నావా?" అని పిలుస్తున్నాయి. లోపలికంటా దూరి, అడుగుదాకా చూసి, బయటికొచ్చి పక్క పువ్వుకి పోతున్నాయి.

"ఇటు రాలేదమ్మా ఆవిడ," అంది ఒక పువ్వు. "నువ్వు బాగా అలిసిపోయావు. ఈ చుక్క తాగు."

"నాకొద్దు. ఆవిడకి ఇవ్వు, పట్టుకెళ్ళి దాస్తాను. నాలుగు రోజులైంది, ఎంత ఆకలితో ఉందో," అంది తేనెటీగ.

"ఆగండి," అని ఎడిత్ అడ్డం పడింది. "పెద్దమ్మ లేదు. చనిపోయింది. నేను మీకు అబద్ధం చెప్పాను."

"తట్టి చెప్పిన మాటే మాట," అన్నాయి తేనెటీగలు. "నీకు దిగులుతో మతి చెదిరినట్టుంది. ఇంటికి పోయి ఉండు, మేం తీసుకొస్తాం."

ఎడిత్ తాళంచెవితో పక్కనున్న ఓక్ చెట్టుని తట్టింది. "నేను బుట్టని కాదు కదమ్మా," అంది ఓక్ చెట్టు, బాధగానే. ఆమె రాతిని తట్టింది, కంచెని తట్టింది. ఎవరూ బుట్ట కాదు. అప్పటికే తేనెటీగలు వాగు దాటి పోయాయి.

ఆమె వెనక్కొచ్చి బుట్ట పక్కనే కూర్చుంది. మధ్యాహ్నమంతా దూరంనుంచి "టాబితా, టాబితా" అని వినపడుతూనే ఉంది. పువ్వు పువ్వుకీ ఆగి పిలుస్తున్నాయి. అడవిలో పూలు ఎన్నని? పొద్దు తిరిగేసరికి పేరు పూర్తిగా పలకలేకపోయాయి. సాయంత్రానికి సగం పేరు కూడా పోయింది. అరిచి అరిచి మాటంతా అరిగిపోయి, చివరికి జుమ్మనే ఒక్క చప్పుడు మిగిలింది.

పొద్దు వాలే వేళకి అవి ఇల్లు చేరాయి. ఎడిత్ మూడుసార్లు తట్టింది.

"పెద్దమ్మ పోయింది," అంది. "నాలుగు రోజులైంది. నిద్రలోనే పోయింది, బాధపడలేదు. మీరు ఏడుస్తారని నేను చెప్పలేదు. ఇక వెతక్కండి."

నల్లగుడ్డ కట్టింది. చెవి ఆనించి ఆగింది. లోపల అవి అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినపడింది. ఏడుపు కాదు, జవాబూ కాదు. మాటలు పోయినవాటికి ఆమె మాటలు కూడా ఇక మాటల్లా వినపడలేదు.

వంగి చూసింది. తెచ్చిన చుక్కలన్నీ చిన్న చిన్న గదుల్లో పోసి, వాటి మీద మైనంతో మూతలు పెడుతున్నాయి. ఎడిత్ తెలియక ఒక చుక్క మీద వేలు పెట్టింది. ఒక తేనెటీగ వచ్చి చురుక్కున కుట్టింది. అది ఎవరికోసం దాచిందో ఎడిత్‌కి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఎండ పడగానే అవి మళ్ళీ బయల్దేరాయి.

ఎడిత్ మరి పట్నానికి వెళ్ళలేదు. బతికినన్నాళ్ళూ రోజూ సాయంత్రం తాళంచెవితో తట్టి అదే మాట చెప్పేది. జోబ్ తాత ఉన్నన్నాళ్ళూ ఆ పక్కనే మొద్దు మీద కూర్చునేవాడు. ఒక్కసారి అర్థమైతే చాలు, మూడు రోజులు ఏడ్చి నాలుగోనాడు లేస్తాయని ఆమె ఆశ. అవి లోపల జుమ్మంటూనే ఉండేవి. అమ్మ చిన్నప్పటి ముచ్చట్లు కూడా మళ్ళీ ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచే తేనెటీగలు ఒక్కచోట కుదురుగా ఉండవు. ఆ అడవిలో వెతికి, అక్కడ కనపడక, దేశాలు దాటి మన ఊళ్ళకీ వచ్చాయి. మీ పెరట్లో మునగ పూసినప్పుడు చూడండి. తేనెటీగ వస్తుంది, పువ్వు గుమ్మంలో ఆగి జుమ్మంటుంది, తల లోపల పెట్టి చూస్తుంది. లేదని తెలిసి పక్క పువ్వుకి పోతుంది. పోతూ పోతూ ఆ పువ్వు ఇచ్చిన చుక్కని ఇంటికి మోసుకెళ్ళి, మూతపెట్టి దాస్తుంది, టాబిత వచ్చాక తింటుందని.