చదువుకెళ్ళిన సారె బుట్ట

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఉండేది. లంక అంటే రాక్షసులుండేది కాదులే, భయపడకు. ఏటి మధ్యన ఇసకా ఒండ్రూ మేటవేసి పైకి లేచిన నేల. చుట్టూ నీళ్ళు, లోపల కొబ్బరిచెట్లు, అరటితోటలు, వాటి మధ్యన ఒకే ఒక్క వీధి. బయటికి పోవాలంటే పడవెక్కాలి, తిరిగి రావాలన్నా పడవే ఎక్కాలి. ఇంకాస్త దగ్గరికి జరుగు, ఆ దుప్పటి సగం నాకూ ఇయ్యి. ఆఁ, విను.

ఆ లంకలో వరహాలు అని ఒక పిల్ల ఉండేది. అందరూ వరాలూ వరాలూ అని పిలిచేవాళ్ళు. తండ్రి గంగరాజు కొబ్బరికాయలు దింపేవాడు. తల్లి సత్తెమ్మ ఆ కాయల పీచు ఒలిచేది. వరాలుకి చదువంటే ప్రాణం. రోజూ పడవలో వెళ్ళి పడవలో వస్తూ అవతలి ఒడ్డున దొరికే చదువంతా చదివేసింది. అప్పుడు పట్నంలో నర్సు కాలేజీలో సీటొచ్చింది. ఏరు పొంగిందంటే లంకలో జ్వరమొచ్చినవాళ్ళకి సూది వేసే దిక్కుండేది కాదు. ఆ దిక్కు తనే కావాలని దాని కోరిక.

అయితే ఒక చిక్కుంది. ఆ లంకలో ఆడపిల్ల పెట్టె పట్టుకుని పడవెక్కిందంటే అత్తారింటికే. చదువుకోసం ఊరు విడిచిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. అందుకని వీధి వీధంతా గుసగుసలు.

ఆ వీధికి పెద్ద దిక్కు అచ్చియ్యమ్మ. సత్తెమ్మకి వదిన, వరాలుకి మేనత్త. నోరు గట్టిది, మనసు మాత్రం వెన్న. ఆ వెన్న కనపడాలంటే నోటి వేడి కాస్త ఓర్చుకోవాలి, అంతే. ఆవిడ వచ్చి అరుగు మీద చతికిలబడింది.

"వెళ్తే వెళ్ళవే వరాలూ, కాదన్ను. కానీ నువ్వే మొదటిదానివి. అక్కడ ఉండలేక ఏడుపుమొహం వేసుకుని తిరిగొచ్చావనుకో, నీ వెనకాల ఇంకే పిల్లనీ ఈ ఏరు దాటనివ్వరు. నేనే దాటనివ్వను" అంది.

 వరాలు సరేనని తలూపింది.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న వచ్చిపడింది. పిల్లని పంపడం సరే, ఎలా పంపాలి? "ఆడపిల్ల గడప దాటుతుంటే ఉత్త చేతులతో పంపుతామా? మన లంక పరువేం గాను?" అని అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. ఇంకేముంది! ఆడవాళ్ళంతా సత్తెమ్మ ఇంట్లోనే చేరారు. ముందు బియ్యం నానబోశారు. ఆ తర్వాత తడిపిండి దంచారు. ఆ తర్వాత బెల్లం పాకం పట్టి, నెయ్యీ కొబ్బరిముక్కలూ వేసి చలిమిడి చేశారు. ఇవతల అరిసెలు వత్తేవాళ్ళు, అవతల కజ్జికాయలు చుట్టేవాళ్ళు, మధ్యలో సున్నుండలు కట్టేవాళ్ళు.

అన్నీ అయ్యాక కొత్త వెదురుబుట్టకి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, నిండా సర్ది, పైన ఎర్రంచు గుడ్డ కట్టారు. కాలేజీకెళ్ళే పిల్లకి అచ్చం పెళ్ళికూతురి సారె పెట్టారన్నమాట! ఏం చేస్తారు పాపం, ఆడపిల్లని సాగనంపడమంటే వాళ్ళకి తెలిసింది అదొక్కటే.

చేర్పించే రోజున తండ్రి వెంట వెళ్ళి అన్నీ చూపించి తెచ్చాడు గానీ, ఇప్పుడు చెట్టు మీంచి జారి కాలు బెణికి మంచమెక్కాడు. అందుకని వరాలు ఒక్కతే బయల్దేరింది. ఒక చేతిలో బట్టల సంచి, నెత్తి మీద సారె బుట్ట. సత్తెమ్మ రేవు దాకా వచ్చి, బుట్ట మీది గుడ్డ ముడే మళ్ళీ మళ్ళీ బిగించింది. మాట్లాడితే ఏడుపొస్తుందని భయం.

పడవలో పక్క లంక వాళ్ళున్నారు. వాళ్ళు బుట్ట చూశారు, పిల్లని చూశారు. "ఎక్కడిచ్చారమ్మాయ్? కుర్రాడేం చేస్తాడు?" అని మొదలుపెట్టారు. వరాలుకి తల కొట్టేసినట్టయింది. పడవ ఒడ్డుకి తగలగానే బుట్టని బల్ల కిందకి తోసేసి, సంచి పట్టుకుని చకచకా నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో, పడవ నడిపే బుల్లబ్బాయి వెనకనుంచి గావుకేక పెట్టాడు.

"ఒసేయ్ వరాలూ! సారె ఒదిలేసి అత్తారింటికెళ్తావేంటే!"

రేవంతా గొల్లుమంది. బుల్లబ్బాయి పాపం మంచివాడు. బుట్ట తన నెత్తినే పెట్టుకుని తెచ్చి, బస్సులో వరాలు ఒళ్ళో పెట్టి మరీ వెళ్ళాడు.

అప్పుడు బస్సులో పక్క సీటు ముసలమ్మ పలకరించింది. "మొగుడు ముందు బస్సులో వెళ్ళాడా తల్లీ? కొత్త పెళ్ళాన్ని ఒంటరిగా వదిలేశాడా! ఈ కాలం మగపిల్లలకి బొత్తిగా బాధ్యత లేదు" అని లేని మొగుణ్ణి పట్నం వచ్చేదాకా తిట్టిపోసింది. వరాలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పట్నంలో దిగేటప్పుడు బుట్టని సీటు కింద మర్చిపోయినట్టే మర్చిపోయింది. బస్సు కదిలింది. హమ్మయ్య అనుకునేలోగా ఈల వినపడి బస్సు ఆగిపోయింది. కండక్టరు బుట్ట ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. "పుట్టింటి సారె పారేసుకుంటారా అమ్మాయ్, ఎంత అరిష్టం!" అని చీవాట్లు పెట్టి చేతికిచ్చాడు.

ఇహ చేసేదేముంది, ఆ బుట్టతోనే హాస్టలుకి చేరింది. గుమ్మంలో వార్డెనమ్మగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"ఇది పెళ్ళికాని పిల్లల హాస్టలమ్మాయ్."

"నాకు పెళ్ళి కాలేదండీ."

"మరి ఈ సారె ఏమిటి?"

 వెనక మెట్ల మీద ఆడపిల్లలంతా కిసుక్కుమన్నారు. వరాలుకి ఏడుపు తన్నుకొచ్చింది. గబగబా గదిలోకి వెళ్ళి, బుట్టని మంచం కిందకి, ఆ మూలకి, గోడకి తగిలేదాకా తోసేసింది. అమ్మ మీద కోపం, అత్త మీద కోపం, అందరికన్నా ముందు ఆ బుట్ట మీద కోపం.

ఆ గదిలో రెండో మంచం ఇంకా ఖాళీగానే ఉంది. మాట్లాడుదామంటే మనిషి లేదు. మెస్సులో సాంబారు చూస్తే గోదారి నీళ్ళు నయం. అన్నం కెలికేది, లేచి వచ్చేసేది. క్లాసులో వెనక బల్ల మీద కూర్చునేది. ఇద్దరు పిల్లలు నవ్వుకుంటే తన గురించే అనుకునేది. ఆకలి ఉంది, ముద్ద దిగదు. ఇంటికి పోవాలనుంది, పోతే అత్త మాట ఉంది. తన వెనక చదవాల్సిన పిల్లలందరికీ తలుపు మూసినట్టే కదా! అలా కొన్నాళ్ళు కొట్టుకుని కొట్టుకుని, చివరికి ఇంక నావల్ల కాదనుకుంది. ఓ శనివారం, సాయంత్రం పడవకి ఇంటికెళ్ళిపోదామని పొద్దున్నే లేచి బట్టలన్నీ సంచిలో సర్దేసుకుంది.

అప్పుడు తలుపు దబదబా బాదారు.

తలుపు తీస్తే ముగ్గురు పిల్లలు. ముందు నిలబడ్డది కడప నుంచి వచ్చిన ఓబులమ్మ. "ఏంమ్మే, మా గది నిండా చీమలు! చూస్తే అన్నీ నీ గదిలోకే పోతాండాయి!" అంది. రెండోది విజయనగరం వైపు పిల్ల పైడమ్మ. "ఓలమ్మో, మా మంచాల కిందనుంచీ ఇదే బారు! ఏటి దాసినావేటి?" అంది. మూడోది దయామణి. ఆ పిల్ల కళ్ళు మంచం కిందే వెతుకుతున్నాయి.

చీమల బారు గడప దాటి, నేల దాటి, సరాసరి మంచం కిందకి పోతోంది. మనుషులు మరిచారు గానీ చీమలు మరుస్తాయా! ఓబులమ్మ వంగి, బుట్టని బరబరా బయటికి లాగింది. పైగుడ్డ నిండా చీమలే. అరిసెల మీదా చీమలే. మూతబిగించిన డబ్బాల్లోని కజ్జికాయలూ సున్నుండలూ చలిమిడీ మాత్రం చెక్కుచెదరలేదు. చలిమిడి డబ్బా మూత అచ్చియ్యమ్మ బిగించింది మరి, తియ్యడానికి ముగ్గురూ కలిసి పట్టాల్సొచ్చింది.

"సారె తెచ్చినోళ్ళు ఇంటింటికీ పంచాల గదమ్మే! మంచం కింద దాచుకుంటారా ఎవురైనా?" అని ఓబులమ్మ నిలదీసింది.

"మీరంతా నవ్వారుగా" అంది వరాలు.

"నవ్వినాం. నవ్వొచ్చింది, నవ్వినాం. ఇప్పుడు ఆకలౌతాండాది."

అప్పుడు పైడమ్మ అరిసెలన్నీ పళ్ళెంలో పోసుకుని, "ఎండలో పెడితే సీమలు వాటంతటవే పోతాయి" అంటూ డాబా మీదకి పరుగెత్తింది. ఓబులమ్మ వెనకే వెళ్ళింది. దయామణి ఒక్కతే నిలబడిపోయింది. డబ్బాలోకి చూస్తూ, "దీన్నేమంటారు?" అని అడిగింది.

"చలిమిడి. కూతురు గడప దాటేటప్పుడు పెడతారు. ఇటు తల్లి కడుపూ అటు కూతురి కడుపూ చల్లగా ఉండాలని."

 దయామణి మెల్లిగా చెప్పింది. "నాకు అమ్మానాన్నా లేరు. అనాథల హోములో పెరిగాను. నన్ను బస్సెక్కించడానికి అక్కడి సారు వచ్చారు. మంచాయనే, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యూపారు. చేతిలో మాత్రం ఏమీ లేదు. ఆ రోజు నీ బుట్ట చూసి అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుళ్ళుకున్నాను."

వరాలు సిగ్గుతో చితికిపోయింది. బల్ల కిందకి తోసిందీ, సీటు కింద వదిలిందీ, గోడకి నెట్టేసిందీ అన్నీ గుర్తొచ్చాయి. పిండి దంచిన చేతులన్నీ గుర్తొచ్చాయి. ఎంత పని చేశానే అమ్మా అనుకుంది. కళ్ళు తుడుచుకుని, "దయామణీ, అటు చెవి నువ్వు పట్టుకో" అంది.

అప్పుడు ఇద్దరూ బుట్ట చెరోపక్కా పట్టుకుని బయల్దేరారు. అత్తారింటి వీధిలో కొత్తకోడలు పంచినట్టే గదిగదికీ పంచారు. కజ్జికాయ తిన్న పిల్ల తన పేరు చెప్పింది. సున్నుండ తిన్న పిల్ల తన ఊరు చెప్పింది. ఎండలో ఎండిన అరిసె తిన్న పిల్ల మా అమ్మ ఇందులో నువ్వులేస్తుంది, మీరెందుకెయ్యలేదని పేచీ పెట్టింది. వార్డెనమ్మగారికి కూడా ఇచ్చి, వరాలు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆవిడ చలిమిడి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "దీర్ఘసుమంగళీ భవ" అనేసింది.

హాస్టలంతా ఘొల్లుమంది. వార్డెనమ్మగారికీ నవ్వాగలేదు. "నోటికి అదే అలవాటైపోయిందే! సరే, మంచి నర్సువై నాకు నొప్పి తెలీకుండా సూదెయ్యి" అంది. ఈసారి వరాలు కూడా అందరితోపాటు నవ్వింది.

అన్ని గదులూ తిరిగొచ్చేసరికి బుట్ట అడుగు కనపడింది. దయామణి వాటాకి చిన్న చలిమిడి ముద్ద వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మరి నీకో?" అంది.

"సారె నేనే తింటానేంటి, పిచ్చిదానా?"

దయామణి ఆ ముద్దని సగానికి విరిచింది. సగం తన నోట్లో వేసుకుంది. సగం వరాలు నోట్లో పెట్టింది.

ఆ తీపి నాలిక్కి తగిలిందో లేదో, వరాలు బావురుమంది. అది అమ్మ పట్టిన పాకం. ఇల్లు విడిచాక ఇష్టంగా మింగిన ముద్ద అదే. వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవ్వరూ ఊరుకోమనలేదు. పైడమ్మ మాత్రం, "ఏడువు తల్లీ, పూర్తిగా ఏడిసి అన్నానికి రా. సల్లారిపోతాది" అంది.

ఆ పూట మెస్సులో సాంబారు ఎప్పటిలాగే నీళ్ళు. వరాలు రెండోసారి పోయించుకుంది. ఆ తర్వాత గదికొచ్చి, సంచిలో సర్దిన బట్టలన్నీ తీసి బీరువాలో పెట్టుకుంది. దయామణి కూడా తన పరుపు మోసుకొచ్చి, ఆ ఖాళీ మంచం మీద పరుచుకుంది.

మరి లంకలో సంగతి? అదే శనివారం సాయంత్రం, మర్నాడు సెలవు కదా, పిల్ల వస్తుందేమోనని సత్తెమ్మ రేవులో నిలబడింది. పిల్ల వస్తే బావుండుననీ ఉంది, రాకపోతే బావుండుననీ ఉంది ఆ తల్లికి. పక్కనే అచ్చియ్యమ్మ, ఏదో పనున్నట్టు కొంగు ముడి విప్పుతూ వేస్తూ. పడవ వచ్చింది. మేకని పట్టుకుని ఒకాయన దిగాడు. చంటిపిల్లతో ఒకావిడ దిగింది. ఆఖరికి బుల్లబ్బాయి దిగి పడవ కట్టేశాడు.

వరాలు రాలేదు.

సత్తెమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. అచ్చియ్యమ్మ కొంగు ముడి ఇంక విప్పకుండా గట్టిగా బిగించింది. ఆ తర్వాత గొంతు సవరించుకుంది.

"సత్తెమ్మా, మా పెద్దాడి కూతురు కూడా బాగానే చదువుతుందంటావా?"

"ఎందుకు చదవదు వదినా, బాగా చదువుతుంది."

"అయితే పైయేడు దానికి బియ్యం నేనే నానబోస్తాను" అంది అచ్చియ్యమ్మ.

చీమలేమో పుట్టకి,
సారేమో పొట్టకి,
పడవేమో రేవుకి,
పిల్లేమో చదువుకి,
కథేమో కంచికి,
కునుకేమో నీ కంటికి!