నాలుగోది

ఎవరైనా ప్రశ్న అడిగితే బెంజమిను అయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. గోడకు వేలాడే గొడుగు తీసుకుని, "పద" అనేవారు.

ఆయన దగ్గర చర్చి ఉపదేశిగా తర్ఫీదు పొందుతున్న ఏలియా ఒక ఉదయం అడిగాడు. "అయ్యగారూ, హెప్సీబా అంటే హెబ్రీలో 'ఈమె అంటే నాకు ఇష్టం' అని అర్థమన్నారు. వినడానికి బాగుంది. సున్నపు బట్టీలో రాయి మోసే పిల్లకు ఆ అర్థం ఏం ఒరగబెడుతుంది?"

అయ్యగారు గొడుగు తీసుకున్నారు.

ఇద్దరూ మిషను ఆసుపత్రికి వెళ్లారు. పిల్లల వార్డులో బట్టీ కూలీ జక్కరయ్య కూతురు మెదడువాపు జ్వరంతో మూడు రోజులుగా తెలివిలేకుండా పడి ఉంది. తొమ్మిదేళ్లది. వరసగా నాలుగో ఆడపిల్ల. తల్లి ముచ్చటపడి అయ్యగారి చేత హెప్సీబా అని పేరు పెట్టించుకుంది గాని, ఆ పిల్లకు మాటలైనా రాకముందే కన్నుమూసింది. తండ్రి ఏనాడూ దాన్ని పేరుపెట్టి పిలవలేదు. పిలిస్తే "నాలుగోదానా" అనేవాడు, లేకపోతే లేదు. ఏలియాకు ఈ సంగతులన్నీ తెలుసు. ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

నర్సమ్మ నాడి చూసి, మందులు పనిచేయడం లేదని, పేరు పెట్టి పిలిస్తే పిలుపుకైనా కదులుతుందేమో చూడమని తండ్రితో చెప్పింది.

జక్కరయ్య మంచం మీదికి వంగాడు. "నాలుగోదానా" అన్నాడు. నర్సమ్మ తలెత్తి చూసేసరికి సిగ్గుపడి, అయ్యగారి వైపు తిరిగి, దాని పేరు మరోసారి చెప్పమన్నాడు. చెప్పారు. రెండుసార్లు తడబడ్డాక నోరు తిరిగింది.

"దానికి అర్థమేంటండి?"

అయ్యగారు చెప్పారు.

"ఎవరికండి ఇష్టం?"

"ఎవరు పిలిస్తే వాళ్లకు."

జక్కరయ్య సున్నానికి పగిలిన తన చేతుల్ని చూసుకున్నాడు. తరవాత ఆ పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. మొదట మెల్లగా, తరవాత వార్డంతా వినబడేలా. పక్క మంచాలవాళ్లు మాటలు ఆపేశారు. ఏలియా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు నర్సమ్మ దుప్పటి ముఖం మీదికి లాగింది. జక్కరయ్య దుప్పటి పక్కకు తీసి మళ్లీ పిలిచాడు. ఇద్దరు మనుషులు పట్టుకుని అతన్ని బయటికి తీసుకుపోవలసి వచ్చింది.

తిరుగుదారిలో ఎండ మండిపోతున్నా అయ్యగారు గొడుగు విప్పలేదు. ఏలియా ఆపుకోలేకపోయాడు. "అంతసేపు పిలిచాడు. పాపం, ఆ పిల్ల వినలేదు కదా అయ్యగారూ?"

"పిలిచినవాడు విన్నాడు" అన్నారు అయ్యగారు.