మట్ట కోసం తవ్విన తిరిపాలమ్మ

అనగనగా అంటే మరీ రాజులూ రాక్షసులూ ఉన్న కాలం కాదు. నేల నేలగా, నీళ్ళు నీళ్ళుగా ఉన్న రోజులు పోయి, నేలకొక రూలూ నీళ్ళకొక రూలూ పుట్టిన కాలం. తెల్లదొరల కాలం. ఈ కథ మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. ఆవిడకు ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి, కథ ఇక్కడే ఆగిపోతుంది.

కాకిబంగారం దొరికే సీమలో ఊటగుంట అని ఒక పల్లె ఉండేది. కాకిబంగారం అంటే బంగారం అనుకుని ఆశపడకండి. పొరలు పొరలుగా ఊడొచ్చే మెరుపురాయి అది. మన పిల్లలు దాన్ని ఆడుకుని పారేస్తారు. దొరలు దాన్ని ఓడలెక్కించి పంపిస్తారు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

పల్లె పక్కన ఒక గుంట. వానాకాలం నిండా నీళ్ళు, ఎండాకాలం నిండా నెర్రెలు. పల్లెలో తిరిపాలమ్మ అని ఒక యానాది ముసలమ్మ. ఆమెకు ఇల్లంటే తాటాకు గుడిసె, ఆస్తంటే ఒక పలుగు, బలగమంటే పోలి అనే ఒక్క కూతురు. దవడన ఎప్పుడూ పొగాకు ఉండ. ఆ ఉండ వల్ల ఆమె ఏ మాట మాట్లాడినా చివరి ముక్క గొంతులోకి జారిపోయేది. పల్లెవాళ్ళకు అలవాటే. మొదటి ముక్క విని తక్కింది వాళ్ళే అతికించుకునేవారు.

ఆ ఏడు రోహిణి కార్తెలో పోలి ప్రసవించింది. మగపిల్లవాడు. పిల్లవాడు బాగానే ఉన్నాడు గానీ తల్లికి పాలు పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక మూలగడం మొదలుపెట్టాడు. మంత్రసాని చూసి, "మట్ట చారు తాపండి, పాలు అవే పడతాయి" అంది.

మట్ట అంటే కొర్రమట్ట చేప. ఎండలకు గుంట ఎండిపోతే అది అడుసులోకి దూరి పడుకుంటుంది. అది కావాలంటే వల వేస్తే రాదు, గాలం వేస్తే రాదు. తవ్వాలి. తిరిపాలమ్మ పలుగు భుజాన వేసుకుని గుంటలోకి దిగింది.

ఇక్కడే మొదలైంది అసలు గోల. ఎందుకంటే ఆ ఏడే ఊటగుంట నేలంతా గనుల కింద రాసేశారు. జానెడు లోతు తవ్వాలన్నా గనుల దొర పర్మిట్ ఉండాలి. ఆ సంగతి తిరిపాలమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదనుకోండి, అది వేరే సంగతి.

మొదటి రోజు గనుల దొర గుర్రం మీద వచ్చాడు. పక్కన దుబాసి వరదాచారి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెన్నపట్నం మనిషి. తెలుగు పుస్తకంలో నేర్చుకున్నాడు. పుస్తకంలో పొగాకు ఉండ లేదు కదా, పాపం.

"ఓ వృద్ధురాలా, నీవు దేనికొరకు ఇచ్చట తవ్వుచున్నావు?" అన్నాడు వరదాచారి.

అడిగేవాడు అడుగుతుంటే, తిరిపాలమ్మ తవ్వుతూనే ఉంది.

"మట్ట్... కోసం సామీ" అంది.

వరదాచారి ఆలోచించాడు. మట్ట్ తరువాత ఏం రావాలి? ఇ రావాలి. మట్టి. "మట్టి కోసమట దొరా" అని ఇంగ్లీషులోకి తిప్పాడు. దొర కళ్ళు ఎర్రబడ్డాయి. కాకిబంగారం దొంగిలించేవాళ్ళందరూ ముందు మట్టి కోసమనే అంటారని ఆయన అనుభవం.

ఇంతలో పలుగు కింద మెత్తగా తగిలింది. తిరిపాలమ్మ చెయ్యి పెట్టి లాగింది. మోచేతి పొడుగు మట్ట. బురద విదిలించి దొర బూటు మీద ఎగిరి పడింది.

మామూలు మనిషైతే అక్కడ నవ్వి వెళ్ళిపోయేవాడు. దొర రూలు తెలిసిన మనిషి. "ఈ నేల లోపలినుంచి వచ్చిందేదైనా ఖనిజమే. ఖనిజమేదైనా గోదాములో పెట్టి లక్క సీలు వెయ్యాల్సిందే" అన్నాడు. చేపను చెక్కపెట్టెలో పెట్టారు. సీలు వేశారు. కాకిబంగారం గోదాములో, మెరుపురాళ్ళ పక్కన భద్రం చేశారు.

"పట్నం నుంచి ముళ్ళతీగ తెప్పిస్తున్నా. బండి రాగానే ఈ గుంట చుట్టూ కంచె. ఆపైన పలుగు పట్టుకుని ఎవరు కనిపించినా జైలే" అన్నాడు దొర.

"అమ్మా, మట్ట యాడ?" అంది గుడిసెలో పోలి.

"రాళ్ళతో పాటు పడుకోబెట్టినారమ్మా. రేపు ఇంకోటి తెస్తా" అంది తిరిపాలమ్మ.

రెండో రోజు చేపల దొర వచ్చాడు. ఈయన మంచినీళ్ళ చేపల దొర. సముద్రం చేపలకు ఇంకో దొర ఉన్నాడట. మంచినీళ్ళ దొర అనగానే పల్లె ఆడవాళ్ళు దాహానికి వచ్చాడేమో అనుకుని చెంబు కూడా తెచ్చారు. సర్కారు నీళ్ళలో చేప పట్టాలంటే ఈయన పర్మిట్ ఉండాలి. జానెడు కంటే చిన్న చేప దొరికితే తిరిగి నీళ్ళలో వదలాలి. అది ఈయన రూలు.

"ఓ వృద్ధురాలా, నీవు దేనికొరకు తవ్వుచున్నావు?" అన్నాడు వరదాచారి. పాపం, అందరు దొరలకూ ఆయనొక్కడే దుబాసి.

అడిగేవాడు అడుగుతుంటే, తిరిపాలమ్మ తవ్వుతూనే ఉంది.

"మట్ట్... కోసం సామీ. నిన్న చెప్పినా గదా."

నిన్న కళ్ళారా చూశాడు కనుక ఈసారి వరదాచారి 'అ' అతికించాడు. "చేప కోసమట దొరా." ఆ మాట అంటుండగానే ఒక మట్టపిల్ల బయటపడింది. చేపల దొర జేబులోంచి కొలబద్ద తీసి కొలిచాడు. జానకు వేలెడు తక్కువ.

"చిన్నది. నీళ్ళలో వదులు" అన్నాడు.

"యాడుండాయి సామీ నీళ్ళు?" అంది తిరిపాలమ్మ.

దొర చుట్టూ చూశాడు. అటు నెర్రెలు, ఇటు నెర్రెలు. రూలు రూలే. తన తాగేనీళ్ళ కూజా మూత తీసి, చేపను అందులో వేసుకుని గుర్రమెక్కాడు. రోహిణి ఎండలో క్యాంపు దాకా గొంతు తడుపుకోలేక వెళ్ళాడని, కూజాలో చేప మాత్రం హాయిగా వెళ్ళిందని చెప్పుకుంటారు.

"అమ్మా, మట్ట యాడ?" అంది పోలి. ఆ రోజు గొంతు బాగా తగ్గిపోయింది.

"గుర్రమెక్కి పోయిందమ్మా. రేపు ఇంకోటి తెస్తా" అంది తిరిపాలమ్మ. అని, గుడిసె వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడ్చింది. అంత గట్టి మనిషీ ఏడ్చింది.

మూడో రోజు చెట్లపన్ను దొర వచ్చాడు. తాటిచెట్టుకు పన్ను, ఈతచెట్టుకు పన్ను. ఆ రోజు దొరికిన మట్ట మంచి బలంగా ఉంది. తిరిపాలమ్మ దాన్ని తాటిమట్ట నారతో కట్టి, చేతికి వేలాడేసుకుని గట్టెక్కుతోంది. ఎదురుగా దొర.

"ఏమది?" అన్నాడు వరదాచారి. మూడు రోజుల ఎండకు ఆయన పుస్తకం తెలుగు కరిగిపోయింది.

"మట్ట్... సామీ."

వరదాచారి నారను చూశాడు. చెట్లపన్ను దొర మొహం చూశాడు. నిట్టూర్చాడు. "తాటిమట్ట అట దొరా" అన్నాడు.

పన్ను కట్టని చెట్టు మట్ట కోసినందుకు దొర నారను పట్టుకున్నాడు. నారకు చేప అతుక్కుని ఉంది కనుక చేపనూ పట్టుకున్నాడు. సాక్ష్యం కింద తీసుకుపోయి వంటవాడికి అప్పగించాడు. ఆ రాత్రి సాక్ష్యం వేపుడైంది. వాసన బాగుందని బంట్రోతు చెప్పాడు.

ఆ సాయంత్రమే పట్నం నుంచి ముళ్ళతీగ బండి దిగింది. పొద్దున్నే కంచె వేస్తారు. ఇక గుంట లేదు, మట్ట లేదు. బిడ్డ మూలుగు కూడా వినపడడం లేదు. తిరిపాలమ్మ పొగాకు ఉండ ఉమ్మేసి, కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది.

తెల్లవారింది. కంచె వెయ్యడానికి కూలీలు రావాలి. రాలేదు. వాళ్ళ బదులు గోదాము నుంచి ఒక కంపు వచ్చింది.

అది మామూలు కంపు కాదండీ. రోహిణి ఎండలో, రేకుల కప్పు కింద, చెక్కపెట్టెలో లక్క సీలు వేసిన ఖనిజం. పొరలు ఊడదీసే ఆడకూలీలు కొంగు ముక్కుకు కట్టుకుని బయటికి పరుగెత్తారు. కంచె కూలీలు తీగ చుట్ట వదిలేసి చెట్ల కిందికి పారిపోయారు. గుర్రం కట్టు తెంచుకుంది. గనుల దొర పెట్టె తెరవమన్నాడు. సీలు పగలగొట్టాలంటే కలెక్టరు రావాలని ఆయన రూలే చెప్పింది. కలెక్టరు ఎండలు తప్పించుకుని కొండ మీద చల్లగా ఉన్నాడు. వానలు పడితే గానీ రాడు.

గనుల దొర తక్కిన ఇద్దరు దొరలకూ కబురు పెట్టాడు. ముగ్గురూ గోదాము ముందు, గాలికి ఎదురు పక్కన నిలబడ్డారు. మధ్యలో వరదాచారి. తిరిపాలమ్మను కూడా పిలిపించారు. ఆమె పలుగుతోనే వచ్చింది.

"ఇది చేప. నీ రూలు కిందకి వస్తుంది. నువ్వు తీసుకుపో" అన్నాడు గనుల దొర.

"నీళ్ళలో ఉంటేనే నా రూలు. ఇది నీళ్ళలో లేదు. నాది కాదు" అన్నాడు చేపల దొర. అప్పటికే కూజాలో ఒకదాన్ని మోసి ఉన్నాడు కదా.

ఇద్దరూ చెట్లపన్ను దొర వైపు తిరిగారు. "చెట్టుకు కాయలేదు. నాది కాదు" అన్నాడు ఆయన.

"అయితే నాదీ కాదు. ఖనిజం ఎగరదు. ఇది నా బూటు మీదికి ఎగిరింది" అన్నాడు గనుల దొర.

ముగ్గురూ ఒకేసారి వరదాచారిని అడిగారు. "ఇంతకూ ఆ ముసలమ్మ అన్న మాటేమిటి? మట్టా, మట్టా, మట్టా?" వాళ్ళ నోట్లో మూడూ ఒకేలా పలికాయి.

వరదాచారి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "దొరా, అది మట్టి కాదు, చేప కాదు, ఆకు కాదు. అది మట్ట. ఏ రూలులోనూ లేదు" అన్నాడు.

ఏ రూలులోనూ లేనిది సీలు కింద ఎలా ఉంటుంది? పెట్టె పగలగొట్టారు. పల్లె అవతలికి తీసుకుపోయి పాతిపెట్టారు. ఆ మధ్యాహ్నమే తప్పెట కొట్టి దండోరా వేయించారు. "మట్ట కోసం తవ్వుతున్నామంటే చాలు, ఎవరూ ఏమీ అడగరాదహో. ఎవరూ ఆపరాదహో." ముళ్ళతీగ గోదాము మూల తుప్పు పట్టింది.

దండోరా వినడానికి తిరిపాలమ్మ అక్కడ లేదు. గుంటలో ఉంది. ఆ పొద్దు పోలి మట్ట చారు తాగింది. మరునాటికి పాలు పడ్డాయి. బిడ్డ ఎంత గట్టిగా ఏడ్చాడంటే, మూడు గుడిసెల అవతలివాళ్ళు వచ్చి చూసి నవ్వుకుంటూ పోయారు.

ఆ తరువాత చాలా ఎండాకాలాలు గడిచాయి. దొరలు మారారు, రూలు మారలేదు. ఒకనాడు తిరిపాలమ్మ పడుకుని లేవలేదు. మనవడు అప్పటికి మీసాలొచ్చిన మనిషి. పల్లెవాళ్ళు ఆమెను మోసుకుని గుంట గట్టుకు వెళ్ళి, గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

కావలి బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, పర్మిట్ ఉండాదా? ఇది గనుల నేల. ఆరడుగులు తవ్వాలంటే పట్నం నుంచి కాయితం రావాల" అన్నాడు.

కాయితం వచ్చేదాకా పీనుగును ఎక్కడ ఉంచుతారు? పోలి కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది.

"మట్ట కోసం తవ్వుతుండామయ్యా" అంది.

బంట్రోతు గొయ్యి చూశాడు. పాడె మీద మనిషిని చూశాడు. వాడూ ఆ చుట్టుపక్కల పుట్టినవాడే, ఆమె చేతి చారు తాగినవాడే. తలపాగా తీశాడు. "అట్నా. మట్ట కోసమైతే నేనెవర్ని అడగడానికి" అని పక్కకు తప్పుకున్నాడు. కాసేపాగి తనే ఒక పలుగు అందుకున్నాడు.

దొరలు పోయారు. వాళ్ళ రూళ్ళూ పోయాయి. ఆ వైపు మాత్రం ఇప్పటికీ ఎవరైనా పోతే, గొయ్యి తీసేవాళ్ళు గొయ్యి తీస్తున్నామని అనరు. దారినపోయేవాళ్ళు ఏం చేస్తున్నారని అడిగితే "మట్ట కోసం" అంటారు. అడిగినవాళ్ళు ఇంకో మాట అడగరు. చెప్పులు విప్పి, వాళ్ళూ రెండు పలుగుపోట్లు వేసి వెళతారు.

అడుసులో దిగిన మట్ట చచ్చినట్టే పడి ఉంటుంది. వాన పడి గుంటలోకి నీళ్ళొస్తే మళ్ళీ లేస్తుంది. మనుషులు లేవరు. ఆ సంగతి ఊటగుంట వాళ్ళకూ తెలుసు. అయినా తొలకరి పడిన రోజు ఎవరో ఒకరు తడుస్తూ ఆ గట్టుకు వెళతారు. "అవ్వా, నీళ్ళొచ్చినాయి" అని చెప్పి వస్తారు.