చెవిబండ మీద మూడు రోజులు

నల్లరాతిపాలెంలో బస్సు దిగి తూర్పుగా పదకొండు నిమిషాలు నడిస్తే ఒక నల్లటి బండ వస్తుంది. పొడవు నలభై రెండు అడుగులు, వెడల్పు ఇరవై ఎనిమిది. దాని మీద రేకుల కప్పుతో చిన్న ప్రార్థన మందిరం, పక్కనే రాతి బావి ఉన్నాయి. యాత్రికులు ఈ స్థలాన్ని చెవిబండ అంటారు. శుక్రవారాల్లో మూడు వందల మందికి తక్కువ రారు. ఆ పేరు వెనుక ఉన్న కథను పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. రాళ్లు కొట్టుకుని బతికే పద్నాలుగు క్రైస్తవ కుటుంబాలు పాకలు వేసుకుని ఉండేవి. తాగే నీటికి రెండు కోసుల దూరం నడవాలి. అందుకని భర్తను పోగొట్టుకున్న సలోమమ్మ ముందుండి బావి తవ్వించడం మొదలుపెట్టింది. నలభై మూడు అడుగులు దిగినా జల పడలేదు. ఈస్టరు లోపల నీళ్లు రాకపోతే పాకలు విప్పుకుని తలో దిక్కుకు పోవాలని అందరూ తీర్మానించుకున్నారు. ఇక పంతొమ్మిది రోజులే మిగిలాయి.

సలోమమ్మ పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. రోజూ తెల్లవారగానే బండ మీద ప్రార్థన పెట్టించేది. అందరూ ఒకేసారి గొంతెత్తి అడిగేవారు. ఆమె గొంతు అందరికంటే పైన ఉండేది. ఆమేన్ అనగానే సుత్తి అందుకుని గోతిలోకి దిగేది.

రాతిపనివారు బండ మీద ఒక్క దెబ్బ వేసి, చెవి ఆనించి, మోతను బట్టి లోపలి పగులును పసిగడతారు. ఒకనాడు గోతిలో ఆరుగురు ఎడతెరిపి లేకుండా కొడుతుంటే ఆమె అరిచింది.

“ఆపండయ్యా! అందరూ ఇట్టా బాదుతుంటే బండ మాట నాకెట్టా వినబడుద్ది?”

గట్టు మీదున్న, వాళ్లకు వాక్యం చెప్పే ఉపదేశి తీతుగారు నవ్వారు. “బండ దగ్గరున్న బుద్ధి దేవుడి దగ్గర లేదేందమ్మా సలోమీ? పొద్దున ఆయన్ని ఒక్క మాటైనా చెప్పనిచ్చావా?”

“మీకేం ఉపదేశిగారూ, నీడన కూర్చుని ఎన్నైనా చెబుతారు” అని ఆమె విసుక్కుంది. కానీ ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు అందరూ పనిలోకి వెళ్లాక బండ మీద ఒంటరిగా కూర్చుని, “నువ్వు చెప్పిందాకా నేను అడగను ప్రభువా” అని నోరు మూసుకుంది.

మొదటి రోజు తన లెక్కలే వినిపించాయి: ఎన్ని అడుగులు, ఎన్ని రోజులు, ఎన్ని కడవలు. రెండో రోజు మరిది ఓబద్యా ముఖం కళ్ల ముందుకొచ్చింది. తవ్వకం మొదట్లో రాయి కొట్టే ఉలి, శానం, కనబడకపోతే, దొంగవని పదిమందిలో అతన్ని తిట్టింది. అతడు అలిగి అత్తవారి ఊరికి వెళ్లిపోయాడు. అతడు వెళ్లిన ఐదో రోజున శానం మట్టిలో దొరికింది. ఆమె దాన్ని మంచం కింద దాచేసింది.

“నేనడిగింది నీళ్లు. వాడి ముఖం చూపిస్తావేంది?” అని దేవుడి మీద కోపగించుకుంది. మూడో రోజూ అదే ముఖం. ఆ తప్పు దిద్దుకోందే దేవుడి నుంచి ఇంకో మాట రాదని ఆమెకు అర్థమైంది. లేచి ఇంటికెళ్లి, మంచం కింది శానం కొంగున చుట్టుకుని ఓబద్యా అత్తవారి ఊరికి నడిచింది.

“ఏంది వదినా, దొంగ ఇంటికొచ్చావ్? ఇంకేం పోయినయ్?” అన్నాడు ఓబద్యా.

ఆమె శానం అతని ముందు పెట్టింది. “నువ్వెళ్లిన ఐదో రోజే దొరికింది. సిగ్గుపడి దాచాను. తప్పు నాది.”

“బావి కోసమేగా ఈ రాక?”

“బావి సంగతి దేవుడెరుగు. నిన్ను దొంగన్న నోటితోనే పద్నాలుగు ఇళ్లకూ వెళ్లి నిజం చెబుతాను. నీకు రాబుద్ధయితే రా, లేకపోతే లేదు.”

అన్నట్టే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆమె తిరిగొచ్చిన నాలుగో రోజు ఓబద్యా వచ్చాడు. గోతిలోకి దిగి, అన్ని సుత్తులూ ఆపించి, ఒక్కొక్క దెబ్బ వేస్తూ గోడల వెంట చెవి ఆనించాడు.

“కిందికి చాలు వదినా. దక్షిణం పక్కకు పోదాం.”

ఆరున్నర అడుగులు పోయాక, ఈస్టరు ముందటి బుధవారం, జల పడింది. పద్నాలుగు పాకల్లో ఒక్కటీ విప్పలేదు. నీళ్లు బావిలో పడ్డా, జనం పేరు పెట్టింది మాత్రం ఆమె మూడు రోజులు విన్న బండకే.

నేటికీ ఇక్కడ ప్రార్థన మౌనంతోనే మొదలవుతుంది. వచ్చినవారు బండను అరచేత్తో ఒకసారి తట్టి, అరగంట నోరు మెదపకుండా కూర్చుంటారు. ఆ తర్వాతే కోరిక చెప్పుకోవాలి. ఇలా దేవుడి మాట కోసం కనిపెట్టుకుని కూర్చున్నవారికి ఇళ్లలో శాంతి సమాధానాలు, మనసుకు నెమ్మది కలుగుతాయని భక్తుల విశ్వాసం. ప్రతి శుక్రవారం పది పన్నెండు మంది కోరిక చెప్పకుండానే మధ్యలో లేచి, ఎవరి ఇంటికో పోవాలని బయలుదేరుతారు. వారిని ఎవరూ ఆపరు. పక్కకు జరిగి దారి ఇస్తారు.